బాపు రేఖయు, బాపు బొమ్మయు

క్రిందటి యేడు మా పాఠశాలలో ఎనిమిదవ తరగతి పిల్లలను “మా యింటిలో నొక మనిషి” అను విషయముపై బొమ్మ గీసి తెండని కోరితిమి. దివిసీమ నుండి వచ్చి చదువుకొను బాలిక యొకతె తన మేనత్తను గీసి తెచ్చినది. ఆ మేనత్త వరినాట్లకు పోవు మనిషి. బొమ్మలోని స్త్రీకి చెవులదాక సాగిన కన్నులు, మోకాళ్ళకు దిగిన వాలుజడ, గాలిలో తేలు పైట. “మీ అత్త ఇలాగే ఉంటుందా?” యని యడిగితిమి. “ఉండదు మాస్టారూ. కానీ ఇలా వెయ్యకపోతే బొమ్మ బాగుందనరండీ” అని యా పిల్ల తడుముకొనక చెప్పినది. 2014 ఆగష్టు 31న బాపుగారు గతించునాటికి ఈ పిల్లకు ఊహ తెలియదు. అయినను ఆమె చేతిలోని పెన్సిలును నడిపినది ఆయనయే. ఈ వ్యాసమునకు కారణమా పిల్ల జవాబే.

బాపుగారి అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ. 1933 డిసెంబరు 15న పశ్చిమ గోదావరి జిల్లాలో జన్మించి, మద్రాసులో చదివి, 1955లో న్యాయశాస్త్ర పట్టము పొందిరి. కోర్టు గడప తొక్కక ఆంధ్రపత్రికలో హాస్యచిత్రకారులుగా చేరిరి. 1908లో బొంబాయిలో ఆ పత్రికను నెలకొల్పిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు మన ఎలకుర్రు గ్రామమువారు. ఆ విధముగ బాపుగారి తొలి కూటిలో కృష్ణాజిల్లా గింజ యొకటి కలదు. ఇంతకు మించి మన జిల్లాకు ఆయనపై హక్కు చూపబోము. ముళ్ళపూడి వెంకటరమణగారి చెలిమి, బుడుగు బొమ్మలు, 1967లో “సాక్షి”తో మొదలైన చలనచిత్రములు, 2013లో పద్మశ్రీ — ఇవి యెల్లరెరిగినవే.

ఆయన పూనుకొనిన పని యెంత క్రొత్తదో తెలియవలెనన్న నాటి పత్రికలు చూడవలెను. 1947లో పుట్టిన చందమామలోని చిత్రకారులు కథ జరుగు స్థలమును గోడమీది మేకుతో సహా చూపెడివారు. వడ్డాది పాపయ్యగారు రంగులలో కరగెడివారు. బాపుగారు వీనిని రెంటిని విడిచి నల్లసిరాను, తెల్లకాగితమును మాత్రమే నమ్ముకొనిరి. ఆయన గీత ఒక్క వెడల్పున పోదు. భుజము వద్ద సన్నగిల్లి, నడుము వద్ద బలిసి, చీర కుచ్చెళ్ళలో చేరి, చెప్పకుండనే ఆగిపోవును. ఆగినచోట మిగిలినది చూచువాడే పూరించుకొనును. మన ఆలంకారికులు ధ్వని యని దేనినందురో అది సిరాలో నెట్లుండునో చూపుమన్నచో మేమీ బొమ్మలనే చూపుదుము. ఆయన చేతివ్రాత సైతము బొమ్మయే. అది అచ్చక్షరములుగ మారి, నేడు గుడివాడ బజారులో నచ్చగు శుభలేఖలపైకిని, దుకాణముల పేరుపలకలపైకిని ఎక్కినది. వ్రాతకు ఇట్టి మరుజన్మ కలిగిన తెలుగువారు అరుదు.

ఇక అసలు తగవునకు వత్తము. బాపుగారి స్త్రీ యొక్కతెయే యని, వేయి కథలకు వేసినను ఆ ముఖమే యని ఆక్షేపించువారు కలరు. దీనికి మా బందరువారు వెంటనే పెడన కలంకారీని జవాబుగ చూపుదురు. అక్కడ టేకుచెక్కపై చెక్కిన అచ్చు, బట్టపై వందలసారులు పడును. ముందు గీతల అచ్చు, తరువాత నొక్కొక రంగునకు నొక్కొక అచ్చు. పువ్వు మారదు. మారకుండుటయే అక్కడి పనితనము. మరి చిత్రకారుడు ముఖమును మరల మరల వేసిన దోషమేమి? ఈ వాదము కొంతకాలము మాకును నచ్చినది. ఇప్పుడు నచ్చుటలేదు. పువ్వును చూచి ఏ పువ్వును తన్ను తాను కొలుచుకొనదు. ఆడుపిల్లకు మాత్రము ఆ కొలత తప్పుటలేదు. మాకు చదువు చెప్పించుకొని, డిగ్రీ ముగించి, ఉద్యోగము చేయుచున్న యొక యమ్మాయిని చూడవచ్చినవారు కాఫీ త్రాగి లేచుచు, “బాపుబొమ్మలా ఉంటుందని చెప్పారండీ” అని మధ్యవర్తితో ననిరట. ఆమె చదువును గూర్చిన మాట యొకటియు లేదు. ఆ తల్లి మాతో నీ సంగతి చెప్పునప్పుడు గోడమీది క్యాలెండరు వంక చూచినది. అందున్నది బాపు బొమ్మయే.

ఇది చిత్రకారుని నేరమా? పూర్తిగ కాదు. కథలో “అందగత్తె” యని వ్రాసినది రచయిత, అట్టి బొమ్మయే కావలెనన్నది సంపాదకుడు, కొనినది మనము. కాని “ఆయనకు వేరు ముఖము చేతగాదు, పాపము” అని వదలివేయుటకును వీలులేదు. హాస్యచిత్రములలో ఆయన వేసిన బొద్దు ఇల్లాండ్రను, గయ్యాళి అత్తలను, పంతుళ్ళను, అప్పులవాళ్ళను చూడుడు. ఒకరి ముక్కు ఇంకొకరికి లేదు. సీగానపెసూనాంబ జడలలో నున్న చిలిపితనము ఏ సుందరి వాలుజడలోను లేదు. నవ్వించునప్పుడు మనుష్యులను వేసిన చేయి, మెప్పించునప్పుడు అచ్చును వేసినది. చేతనై చేయకపోవుట గనుకనే విమర్శకు తగినది.

జపానులో తెజుకా ఒసాము (1928–1989) అను చిత్రకథకుడుండెను. వైద్యము చదివియు దానిని విడిచి బొమ్మలలోనికి వచ్చినవాడు. ఆయన వేసిన పెద్ద కన్నులును ఆ దేశమున తరువాతివారికి బాణీయైనవి. ఆయనయు కొన్ని ముఖములనే పలు కథలలో వాడెను. అయితే నాటకసమాజములోని నటులవలె వాడెను. ఒక కథలో మంచివాడైన ముఖము వేరొక కథలో దుర్మార్గుడు కావచ్చును. 1972 మొదలు 1983 వరకు బుద్ధుని చరితమును బొమ్మలలోనే నడపి, అందు దొంగలకును, బానిసలకును సిద్ధార్థునితో సమానముగ చోటిచ్చెను. బాపుగారి సుందరికి వేషము మార్చు భాగ్యమబ్బలేదు. ఆమె యెప్పుడును నాయికయే. తెజుకాకు కథయు తనదే, బొమ్మయు తనదే. మన వారపత్రికలో చిత్రకారునికి దొరకినది కథ నెత్తిమీద జానెడు స్థలము. ఈ భేదమును మరచి తీర్పు చెప్పుట న్యాయము కాదు.

పేజీలో దొరకని చోటు ఆయనకు తెరపై దొరకినది. చిత్రీకరణకు ముందే ప్రతి దృశ్యమును బొమ్మగ వేసికొనుట ఆయన పద్ధతి. 1976 నాటి “సీతాకల్యాణం”లో గంగావతరణము చూచినవారికి, బొమ్మ తరువాత బొమ్మగ కథ నడపు నేర్పు ఆయనలో నెంత యుండెనో వేరుగ చెప్పనక్కరలేదు. ఆ బొమ్మల వరుస పుస్తకముగ సాగియుండిన తెలుగునకును జపానువారి వంటి చిత్రకథ యుండెడిదని మా బాధ.

మాకు మిక్కిలి ప్రియమైనవి శంకరమంచి సత్యంగారి అమరావతి కథలకు ఆయన వేసిన బొమ్మలు. నూరు కథలు, కృష్ణయొడ్డు, గుడిమెట్లు, పడవ, ముసలివాడు. అందు సుందరులకు పని తక్కువ. పనివారు, బికారులు, పూజారులు గీతలోనికి వచ్చిరి. ఆ బొమ్మలను తరగతికి తీసికొనిపోయి మా దివిసీమ పిల్లకు చూపితిమి. పడవవాని మెడనరమును వ్రేలితో తడవుచు చాలసేపు చూచినది.

మరుసటి సోమవారము మేనత్తను మరల గీసి తెచ్చినది. కన్నులు చిన్నవైనవి. పాదములకు బురద వచ్చినది, నడుము వంగినది. వాలుజడ మాత్రము విడువలేదు. ఏమని యడుగగా, “జడ నిజంగానే అంత ఉంటుందండీ” అన్నది.