గెలుపు గుర్రాలు – గెలవని పేర్లు

ఎన్నికలు దగ్గరపడగానే మన తెలుగు పత్రికల్లో గుర్రాల సంత మొదలవుతుంది. 'గెలుపు గుర్రాలకే టికెట్లు' అన్న శీర్షిక లేకుండా గడిచిన ఎన్నికల కాలం మాకు గుర్తులేదు. పోటీ చేసేవాణ్ణి ఉర్దూలో 'ఉమ్మీద్‌వార్' అంటారు, ఆశ పెట్టుకున్నవాడని. తెలుగులో 'అభ్యర్థి' అంటారు, అర్థించేవాడని. రెండు భాషల్లోనూ వార్తలు రాసుకు బతికే మాకు ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరం రోజూ కనిపిస్తుంది. ఆశపడటానికీ అడుక్కోవటానికీ మధ్య ఎవరో కూచుని గుర్రం పళ్లు పట్టి చూస్తుంటారు. మా విషయంలో పళ్ల దాకా కూడా రారు. పేరు దగ్గరే ఆగిపోతారు.

మలక్‌పేటలో మెట్రో ఎక్కితే ఎల్బీనగర్ ఆరో స్టేషను. న్యూమార్కెట్, మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఆ తర్వాత ఎల్బీనగర్. ఇంత చిన్న ప్రయాణంలో మా పేరు గెలిచే పేరు నుంచి గెలవని పేరుగా మారిపోతుంది. మలక్‌పేటలో 2009 నుంచి 2023 దాకా నాలుగుసార్లూ మజ్లిస్ తరఫున అహ్మద్ బలాలా గెలిచారు. ఆయన మీదికి 2018లో తెలుగుదేశం ముజఫర్ అలీఖాన్‌ను, 2023లో కాంగ్రెస్ షేక్ అక్బర్‌ను నిలబెట్టాయి. అక్కడ ముస్లిం మీద ముస్లిం పోటీ. ఎల్బీనగర్‌లో 2009లో సుధీర్ రెడ్డి, 2014లో ఆర్. కృష్ణయ్య, 2018లో, 2023లో మళ్లీ సుధీర్ రెడ్డి. 2023లో మూడు ప్రధాన పార్టీల పోటీదారుల్లో మా పేరు లేదు. లేదని ఎవరికీ అనిపించను కూడా లేదు.

ఈ గీత మొదటినుంచీ ఉన్నది కాదు. 2009కి ముందు ఈ కాలనీలన్నీ పాత మలక్‌పేట నియోజకవర్గంలోనే ఉండేవి. 1983, 1985, 1999లో బీజేపీ నుంచి ఇంద్రసేనారెడ్డి గెలిచింది ఆ మలక్‌పేటలోనే. పునర్విభజన తర్వాత మలక్‌పేట ఒకటయింది, ఎల్బీనగర్ ఇంకొకటయింది. దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల గల్లీలు ఇటు కొన్ని, అటు కొన్ని పడ్డాయి. గీసినవాళ్ల మనసులో ఏముందో మాకనవసరం. కానీ ఇప్పుడు ఆ గీతకు ఇవతల ఉన్న సాయిబుకు ఎమ్మెల్యే కావాలన్న కోరిక సహజం, అవతల ఉన్న సాయిబుకు అదే కోరిక పిచ్చి.

ఈ మాట మేము ఏ కాంగ్రెస్ నాయకుడితోనో, ఏ బీఆర్‌ఎస్ నాయకుడితోనో అంటే వచ్చే జవాబు ఒకటే. 'మాకేం అభ్యంతరం లేదు భాయ్. మాకు అందరూ సమానమే. కానీ జనం ఓటెయ్యరు కదా!'

ఈ జవాబు మాకు కొత్త కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇల్లు వెతుక్కున్న ప్రతి ముస్లిం కుటుంబానికీ ఇది కంఠతా వచ్చు. టూలెట్ బోర్డు చూసి మెట్లెక్కుతాం. గదులు చూపిస్తారు, నీళ్ల సంగతి చెబుతారు, అద్దె చెబుతారు. అంతా అయ్యాక పేరు అడుగుతారు. ఆ తర్వాత ఇంటాయన ముఖం చిన్నబుచ్చుకుని, నిజంగానే బాధపడుతూ అంటాడు: 'మాకేం అభ్యంతరం లేదండీ, మిగతా పోర్షన్లవాళ్లు ఒప్పుకోరు.' ఆ మిగతా పోర్షన్లవాళ్లను మేము ఎన్నడూ కలవలేదు. వాళ్లను ఎవరైనా అడిగారో లేదో తెలియదు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్ బస్టాండ్ దగ్గర బాంబులు పేలి మనుషులు చచ్చిపోయారు. ఆ దారినే ఆఫీసులకూ కాలేజీలకూ పోయేవాళ్లం మేమూ ఉన్నాం. అయినా ఆ తర్వాత పేరు అడగటం గదులు చూపించక ముందే జరిగేది.

గెలుపు గుర్రం వాదన అసలు రూపం ఇదే. తన మనసులో ఉన్నదాన్ని పక్కింటివాడి మనసులో పెట్టి మాట్లాడటం. ద్వేషం ఉన్నవాడు బాహాటంగా ద్వేషిస్తాడు, వాడితో పేచీ లేదు, తెలిసిపోతుంది. లౌకికవాది మాత్రం ద్వేషించడు. ఇతరుల ద్వేషాన్ని లెక్కగడతాడు. లెక్కగట్టి దానికి తలవంచుతాడు. తలవంచి దాన్ని వాస్తవిక రాజకీయం అంటాడు. ఓటరు మతం చూసి ఓటేస్తాడో లేదో తేలేది ఓటింగు రోజు. టికెట్ దగ్గరే మా పేరు కొట్టేస్తే ఆ రోజు ఇక రాదు. ఓటరు మీద నింద మాత్రం ఉండిపోతుంది.

ఎల్బీనగర్ ఓటరు సంగతే చూడండి. 2014లో తెలుగుదేశం, 2018లో రాష్ట్రమంతా టీఆర్‌ఎస్ ఊపు ఉంటే ఇక్కడ కాంగ్రెస్. 2019లో ఆ ఎమ్మెల్యే టీఆర్‌ఎస్‌లోకి పోయాడు. 2020 డిసెంబర్‌లో జీహెచ్‌ఎంసీ ఎన్నికలొస్తే ఈ డివిజన్లను బీజేపీ ఊడ్చుకుపోయింది. 2023 వచ్చేసరికి బీజేపీ సామ రంగారెడ్డిని కాదని పార్టీ మారిన ఆ పాత ఎమ్మెల్యేనే మళ్లీ గెలిపించారు. ఇన్ని రంగులు మార్చిన ఓటరు ఒక్క పేరు దగ్గర మాత్రం మారడని ఎవరు కనిపెట్టారు? ఏ సర్వే కనిపెట్టింది?

సర్వే అంటే గుర్తొచ్చింది. 2023లో కాంగ్రెస్ టికెట్ల పద్ధతి చాలా ఆధునికంగా నడిచింది. దరఖాస్తుకు 50 వేల రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 25 వేలు. వెయ్యికి పైగా దరఖాస్తులు. వాటిని వడకట్టడానికి ప్రదేశ్ ఎన్నికల కమిటీ, దాని మీద స్క్రీనింగ్ కమిటీ, దాని మీద ఢిల్లీలో కేంద్ర ఎన్నికల కమిటీ. పక్కన సునీల్ కనుగోలు సర్వేలు. మూడు జల్లెళ్లు పట్టాక ముస్లింలకు మిగిలినవి ఏవి? చార్మినార్, కార్వాన్, మలక్‌పేట, నాంపల్లి, జూబ్లీహిల్స్, నిజామాబాద్ అర్బన్. మొదటి నాలుగూ మజ్లిస్ కోటలు. గెలవని చోట ఇచ్చారు, గెలవలేదు. ఆరుగురూ ఓడిపోయారు. 64 మంది గెలిచిన పార్టీలో ఒక్క ముస్లిం లేడు. ఇక ప్రభుత్వం వచ్చాక 'గెలిచినవాళ్లు లేరు కదా, మంత్రి పదవి ఎవరికియ్యాలి' అన్నారు. 2025 అక్టోబర్ 31న అజహరుద్దీన్ ప్రమాణం చేసేదాకా, దాదాపు రెండేళ్లు, మంత్రివర్గంలో ముస్లిం లేడు.

షబ్బీర్ అలీ కథ విడిగా చెప్పుకోవాలి. ఆయన నియోజకవర్గం కామారెడ్డి. 1989లో, 2004లో అక్కడ గెలిచారు. 2014లో, 2018లో గంప గోవర్ధన్ చేతిలో ఓడారు, అదీ నిజమే. 2023లో కామారెడ్డిలో కేసీఆర్ నిలబడితే, ఆయన్ను ఢీకొట్టడానికి రేవంత్ రెడ్డి వచ్చారు. షబ్బీర్ నిజామాబాద్ అర్బన్‌కు పోయారు. బరువైన గుర్రం కోసం ఇంటి గుర్రాన్ని విప్పేశారన్నమాట. ఫలితం? కామారెడ్డిలో కేసీఆర్, రేవంత్ ఇద్దరూ ఓడి బీజేపీ వెంకటరమణారెడ్డి గెలిచారు. నిజామాబాద్‌లో షబ్బీరూ బీజేపీ చేతిలోనే ఓడారు. ఈ రెండు ఓటములకు చెప్పిన అర్థాలు మాత్రం వేరు. రేవంత్ ఓడినందుకు రెడ్లు గెలవరని ఎవరూ రాయలేదు. కొడంగల్ గెలుపుతో ఆయన ముఖ్యమంత్రి కూడా అయ్యారు. షబ్బీర్ ఓటమి మాత్రం షబ్బీర్ ఓటమిగా మిగల్లేదు. 'చూశారా, ముస్లింకు ఇస్తే ఇదీ' అన్న సామెతకు ఇంకో ఉదాహరణ అయింది. మా వాళ్లు గెలిస్తే అది వ్యక్తి గొప్పతనం, ఓడితే జాతి అశక్తత. బోధన్‌లో 2014లో, 2018లో టీఆర్‌ఎస్ నుంచి షకీల్ గెలిస్తే, అది ముస్లిం పాతబస్తీ బయట కూడా గెలుస్తాడనడానికి రుజువుగా ఏ పత్రికా రాయలేదు.

ఇక మా లోపలి కొట్లాట. ఎన్నికలప్పుడు దిల్‌సుఖ్‌నగర్ ఇరానీ హోటల్లో గంటసేపు కూచుంటే చాలు, రెండు పార్టీల వాదనలూ వినొచ్చు. కాంగ్రెస్ సాయిబు అంటాడు: మజ్లిస్ బయట పోటీ చేస్తే ఓటు చీలి బీజేపీ గెలుస్తుంది. మజ్లిస్ సాయిబు అంటాడు: మా చోట్ల మీరు ముస్లింను నిలబెట్టి మా ఓటు చీలుస్తున్నది ఎవరికోసం? చాయ్ చల్లారిపోతుంది, వాదన చల్లారదు. ఇద్దరి మాటా ఒక్కటేనని ఇద్దరికీ తెలియదు. నువ్వు గెలవవు కాబట్టి తప్పుకో, నాకెయ్యి. 2023లో జూబ్లీహిల్స్‌లో అజహరుద్దీన్ 16 వేల పైచిలుకు ఓట్లతో ఓడితే ఒకరు మజ్లిస్‌ను తిట్టారు, ఒకరు అజహర్‌ను తిట్టారు. యాకుత్‌పురాలో మజ్లిస్ 878 ఓట్లతో బయటపడింది, అక్కడ వెనకబడ్డది ఎంబీటీ. కోటలో కూడా గెలుపు ముందే రాసిపెట్టి లేదని ఆ అంకె చెబుతోంది. దాన్ని మజ్లిస్‌వాళ్లు చదవరు.

ఎల్బీనగర్‌లో మజ్లిస్ అసెంబ్లీకి నిలబడదు. 2018లోనూ 2023లోనూ తాము లేనిచోట 'మామూ'కు ఓటెయ్యమంది. అంటే నాగోలు, వనస్థలిపురం, మన్సూరాబాద్ ముస్లింకు ఒక పార్టీ టికెట్ ఇవ్వదు, రెండో పార్టీ ఇంకొకరి గుర్రాన్ని చూపిస్తుంది. రాష్ట్ర జనాభాలో మేము 2011 లెక్కల ప్రకారం 12.7 శాతం. 119 మందిలో ముస్లిం ఎమ్మెల్యేలు 2023లో ఏడుగురు, ఏడుగురూ మజ్లిస్, ఏడుగురూ హైదరాబాద్ నగరంలోనే. మూసారాంబాగ్ వంతెన అవతలే కాదు, అంతకన్నా దూరం బతుకుతున్న లక్షల మంది తరఫున సభలో మాట్లాడేది ఎవరు?

ఈ బాధ మా ఒక్కరిదే అనుకుంటే పొరపాటు. 2014లో తెలుగుదేశం బీసీని ముఖ్యమంత్రిని చేస్తామని ఆర్. కృష్ణయ్యను ఎల్బీనగర్‌లో నిలబెట్టింది. ఆయన గెలిచారు. పార్టీ తెలంగాణలో 15 సీట్లకే ఆగింది. సభాపక్ష నాయకుణ్ణి ఎన్నుకోవాల్సి వచ్చినప్పుడు ఆ కుర్చీ ఎర్రబెల్లి దయాకరరావుకు పోయింది. ఓట్లడగటానికి పనికొచ్చిన ముఖం నాయకత్వానికి పనికిరాలేదు. 2023లో కాంగ్రెస్ నుంచి బీసీ కోటా కింద మధుయాష్కీ గౌడ్ నిజామాబాద్ వదిలి ఇక్కడికొస్తే స్థానికులు పారాచూట్ అన్నారు. ఆయన మూడో స్థానంలో నిలిచారు. 'బీసీకిస్తే ఇంతే' అన్న మాట ఆ సాయంత్రమే బయల్దేరింది. దళితులు రిజర్వుడు సీట్లు లేనిచోట, బీసీలు దాదాపు అన్నిచోట్లా, స్త్రీలు అందరికన్నా ముందే ఈ మాట విన్నవాళ్లు.

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల పక్కనే అమెరికా కన్సల్టెన్సీల బోర్డులుంటాయి. అందుకని అమెరికా సంగతి ఇక్కడ దూరపు సంగతి కాదు. అక్కడ పార్టీ లోపల అభ్యర్థిని తేల్చేది ప్రైమరీ. ఓటర్లే తేలుస్తారు. 2008లో ఒబామా గెలవడన్న మాట నల్లజాతివాళ్లలోనే చాలామంది అన్నారు. తెల్లవాళ్లు వెయ్యరు కదా అన్నదే వాళ్ల బెంగ. తెల్లవాళ్లే ఎక్కువున్న అయోవాలో జనవరి 3న ఆయన గెలిచాక ఆ బెంగ కరిగిపోయింది. నెల తిరక్కుండానే దక్షిణ కరోలినాలో నల్లజాతి ఓటు ఆయన వెంట కదిలింది. అయినా హిల్లరీ పక్షంవాళ్లు వేసవి దాకా 'గెలవగలిగేది మా అభ్యర్థే' అంటూనే ఉన్నారు. ఆ వాదన అక్కడా పోలేదు. కానీ దాన్ని పరీక్షించడానికి ఒక రోజు, ఒక పెట్టె ఉన్నాయి.

ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. గజాలా హష్మీ పుట్టింది హైదరాబాద్‌లో, పసితనం గడిచింది మలక్‌పేటలో అమ్మమ్మగారింట్లో. నాలుగేళ్ల వయసులో అమెరికా పోయారు. 2025 జూన్‌లో వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నర్ పదవికి డెమోక్రాటిక్ ప్రైమరీలో ఆరుగురు పోటీపడితే ఆమెకు మూడో వంతు ఓట్లు కూడా రాలేదు, రెండో స్థానంవాడికీ ఆమెకూ తేడా ఒక శాతం లోపే. అయినా అభ్యర్థి ఆమే. నవంబర్ 4న గెలిచారు. అదే రోజు న్యూయార్క్ మేయరుగా జోహ్రాన్ మమ్దానీ గెలిచారు. అక్కడ ముస్లిం ద్వేషం లేదని మేము అనటం లేదు, బోలెడుంది. కానీ ఆ ద్వేషం ఎంతుందో ఓట్లు లెక్కపెట్టి చూశారు, గదిలో కూచుని ఊహించలేదు.

అదే వారం మన జూబ్లీహిల్స్‌లో ఉపఎన్నిక ప్రచారం జరుగుతోంది. కాంగ్రెస్ అక్కడ అజహరుద్దీన్‌ను కాదని నవీన్ యాదవ్‌ను నిలబెట్టింది. మజ్లిస్ ఈసారి పోటీ పెట్టకుండా ఆయనకే మద్దతిచ్చింది. నవంబర్ 14న ఆయన గెలిచారు. గెలుపు గుర్రం గెలిచిందని పత్రికలు రాశాయి. మజ్లిస్ పోటీ చెయ్యకుండా, అధికార పార్టీ బలగమంతా దిగి పని చేస్తే అజహర్ అయినా గెలిచేవాడేమో అన్న ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. నిధులు, బూత్ కార్యకర్తలు, పెద్ద నాయకుల సభలు, మిత్రుల ఓట్ల బదిలీ ఇవన్నీ ఇస్తే గుర్రం పరిగెత్తుతుంది. ఇవ్వకుండా కట్టేసి, ఇది నడవదు చూడండి అంటే ఎట్లా? హైదరాబాద్ పిల్లగాడైన అజహర్ 2009లో ఎక్కడో ఉత్తరప్రదేశ్‌లో మొరాదాబాద్ ఎంపీ అయ్యాడు. సొంత ఊళ్లో ఎమ్మెల్యే కాలేకపోయాడు.

కాబట్టి వచ్చేసారి టికెట్ల కాలంలో మేము అడగదలుచుకున్నది దయ కాదు, సర్వే కాగితాలు. ఎల్బీనగర్‌లో మీరు ఎంతమందిని అడిగారు? ఏ కాలనీల్లో అడిగారు? ముస్లిం అభ్యర్థి అయితే వేస్తారా అని నిజంగా ఎవరినైనా అడిగారా, లేక ఆ పేరే జాబితాలో పెట్టలేదా? అడిగి ఉంటే ఆ జవాబులు బయట పెట్టండి, మేమూ చదువుకుంటాం. జనం నిజంగానే వద్దన్నారంటే ఆ సంగతి వాళ్ల గడపల్లోకే పోయి వాళ్లతోనే మాట్లాడుకుంటాం. అడగకపోతే ఆ మాటను జనం నోట్లో పెట్టకండి. మా పక్కింటివాళ్లు వద్దన్నారో లేదో మా పక్కింటివాళ్లే చెప్పనీ.