కిరాయికిచ్చే ముందు అడగాల్సిన మాట

బడులు తెరిచే రోజులు దగ్గరపడ్డాయంటే కరీంనగర్‌లో ఏ గల్లీకి పోయినా గేట్లకు టులెట్ బోర్డులే. మంకమ్మతోట, జ్యోతినగర్, వావిలాలపల్లి, రాంనగర్. పిల్లల చదువు కోసం ఊళ్ల నుంచి వచ్చే కుటుంబాలు, బదిలీ మీద వచ్చిన ఉద్యోగులు ఇల్లు వెతుక్కునేది ఈ కాలంలోనే. ఆదిలాబాద్‌లో దీనికి తోడు ఇంకో సీజన్ ఉంది. దసరా దాటి పత్తి మార్కెట్‌కు రావడం మొదలయ్యాక జిన్నింగు మిల్లుల పనికి బయటి మనుషులు దిగుతారు. రిమ్స్ మెడికల్ కాలేజీ వచ్చినప్పటి నుంచి నర్సులు, మెడికల్ విద్యార్థులు ఏడాది పొడుగునా గదులు అడుగుతూనే ఉన్నారు.

మన దగ్గర ఇల్లు కిరాయికిచ్చేది ఎక్కువగా మామూలు మనుషులే. కొడుకు దుబాయిలో ఎండకు మాడి పంపిన పైసలతో కింద తాము ఉండటానికి, మీద కిరాయికని రెండంతస్తులు కట్టుకున్న తల్లి. సింగరేణిలో రిటైరై, చేతికొచ్చినదంతా ఇంటి మీద పెట్టిన పెద్దమనిషి. నెలనెలా వచ్చే ఆ కిరాయితోనే వాళ్ల మందులు, వాళ్ల బియ్యం. అందుకే మొదటిసారి బోర్డు పెట్టినప్పుడు వాళ్లకు భయం ఉంటుంది. ఆ భయం న్యాయమైనదే. భయంతో అడిగే ప్రశ్నలే న్యాయమైనవి కావు, పనికొచ్చేవీ కావు.

గేటు దగ్గర మొదట వచ్చే మాట ‘మీరు ఎవలు?’ అంటే కులం. తర్వాత మాంసం తింటరా, పెళ్లైందా. పేరు వినగానే, మతం తెలియగానే ‘ఇప్పుడే వేరేవాళ్లకు మాటిచ్చినం’ అని తిప్పి పంపేవాళ్లు సరేసరి. మా మీది పోర్షన్‌లో ఉన్న కుటుంబం అలా ఎన్నో గేట్ల ముందు నిలబడి వచ్చిందే. కిరాయి ఐదో తారీఖు దాటనివ్వరు. మేం ఊరికి పోతే సంపు నిండిందో లేదో చూసేదీ వాళ్లే. కులం, తిండి, పెళ్లి అడిగితే తెలిసేది కులం, తిండి, పెళ్లి మాత్రమే. ఆ మనిషి కిరాయి కడతాడా, ఖాళీ చేయమన్నప్పుడు చేస్తాడా అన్నది వాటిలో ఎక్కడా ఉండదు.

కొత్తవాళ్లంటే అనుమానం మన జిల్లాలకు ఊరికే రాలేదన్నదీ నిజం. ఎనభైలు, తొంభైలలో తెలియని మనిషికి ఒక రాత్రి అన్నం పెట్టినా అటు పోలీసులకు, ఇటు అన్నలకు, అంటే నక్సలైట్లకు, జవాబు చెప్పుకోవాల్సి వచ్చిన ఇళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి. ఆ కాలం పోయింది కానీ అనుమానించే అలవాటు మాత్రం మిగిలింది.

నేను అన్నిటికంటే ఎక్కువ నమ్మేది ఒక్క ఫోన్ కాల్‌ను. ఇల్లు అడగడానికి వచ్చినవాళ్లను ఇంతకుముందు ఎక్కడున్నారో, ఆ ఇంటి ఓనర్ నంబరేమిటో అడుగుతాను. ఇప్పుడున్న ఇంటి ఓనర్‌తో పాటు అంతకుముందు ఇంటి ఓనర్ నంబరు కూడా తీసుకోవాలి. ఇప్పటి ఓనర్‌కు వాళ్లు పోతే చాలని ఉండొచ్చు, అప్పుడు ఆయన నోటి నుంచి పొగడ్తలు తప్ప ఇంకేం రాదు. పాత ఓనర్‌కు ఆ అవసరం లేదు. ఒకసారి అట్లా ఫోన్ చేస్తే అవతల ఒక పెద్దమ్మ ఎత్తింది. ‘మంచోళ్లే బిడ్డా, పిల్లలు గూడ మంచోళ్లే’ అన్నది. ‘మళ్లొస్తే ఇస్తవా అమ్మా?’ అని అడిగిన. కాసేపు మాట లేదు. ‘ఇస్త గని, కరెంటు బిల్లు ముందుగాల్నే మాట్లాడుకుంట’ అన్నది. నాకు కావాల్సిన సంగతి అంతే. వాళ్లకే ఇచ్చాం, కరెంటు సంగతి మొదటి రోజే తేల్చుకున్నాం.

కరెంటు మాట వచ్చింది కాబట్టి, ప్రతి పోర్షన్‌కు వేరే మీటరు పెట్టించండి. 2024 ఫిబ్రవరి 27న మొదలైన రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడే అర్హులకు జీరో బిల్లు వస్తుంది, కిరాయికున్నవాళ్లకూ అది వర్తిస్తుంది. రెండు కుటుంబాలు ఒకే మీటరు మీదుంటే యూనిట్లు హద్దు దాటుతాయి, ఇద్దరికీ ఆ లాభం పోతుంది. నెలనెలా లెక్క కాడ లొల్లి మిగులుతుంది.

ఆధార్ జిరాక్సు, ఫోటో, పనిచేసే చోటు వివరాలు ఎలాగూ తీసుకుంటాం. వాటిని బీరువాలో పెట్టి ఊరుకోకుండా ఒక ప్రతి దగ్గరి పోలీస్ స్టేషన్‌లో ఇవ్వాలి. కాలనీని చుట్టుముట్టి ఇల్లిల్లూ సోదా చేసే కార్డన్ సెర్చ్‌కు వచ్చిన ప్రతిసారీ పోలీసులు చెప్పే మాటే ఇది. తాళం చెవి ఇచ్చే రోజు నల్లాలు, స్విచ్చులు, గోడలు, మీటరు రీడింగు అన్నీ వీడియో తీసి వాళ్లకే వాట్సాప్‌లో పంపండి. ఖాళీ చేసే రోజు అడ్వాన్సులో ఎంత పట్టుకోవాలన్న పంచాయితీ సగం అక్కడే ఆగిపోతుంది.

ఇక కాగితం. మన దగ్గర అందరూ 11 నెలలకే కిరాయినామా రాసుకుంటారు. ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అన్న నమ్మకమే దానికి కారణం, కానీ తెలంగాణలో ఎంత తక్కువ కాలపు లీజుకైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరే. నోటరీ ముద్ర వేయిస్తే రిజిస్ట్రేషన్ అయినట్టేనని చాలామంది అనుకుంటారు, అది తప్పు. 11 నెలలు నిండాక మళ్లీ రాసుకోకపోవడం ఇంకో తప్పు. ఎందుకంటే గొడవలు వచ్చేది ఎక్కువగా మూడో ఏటనో, నాలుగో ఏటనో. అప్పటికి చేతిలో ఉన్నది చెల్లిపోయిన కాగితమే.

గల్ఫ్ ఇళ్లకు ఇంకో చిక్కు ఉంది. ఇల్లు కొడుకు పేరు మీద ఉంటుంది, కిరాయినామా మీద సంతకం తల్లిది. ఏదైనా తేడా వచ్చి కోర్టు దాకా పోతే మొదట లేచే ప్రశ్న ఆమెకు ఏ అధికారం ఉన్నదనే. దుబాయిలో ఉంటే అక్కడి భారత కాన్సులేట్‌లో, రియాద్‌లో ఉంటే మన రాయబార కార్యాలయంలో పవర్ ఆఫ్ అటార్నీ మీద అటెస్టేషన్ చేయించాలి. ఆ కాగితం ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. లీవు మీద ఇంటికి వచ్చినప్పుడే ఇక్కడ రాయించి పోతే ఇంకా సులువు.

ఆదిలాబాద్ ఏజెన్సీలో ఉన్నవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఉట్నూరు, ఇంద్రవెల్లి, నార్నూరు షెడ్యూల్డ్ ప్రాంతాలు. అందరూ 1/70 అని పిలిచే చట్టం 1959 నాటి రెగ్యులేషన్‌కు 1970లో వచ్చిన సవరణ. అందులో బదిలీ అంటే అమ్మకం, తాకట్టుతో పాటు లీజు కూడా. ఆదివాసుల భూమి చేజారకుండా వచ్చిన చట్టం అది, దాన్ని గౌరవించాలి. పట్నంలో రాసుకున్న నమూనా కిరాయినామానే అక్కడా రాసి సంతకం పెట్టకండి, ముందు ఉట్నూరులోని గిరిజనాభివృద్ధి సంస్థ, ఐటీడీఏలో అడగండి.

పన్నెండేండ్లు ఉంటే ఇల్లు కిరాయిదారుదే అవుతుందన్న మాట విని, భయపడి, ఉన్నవాళ్లను ఏటా మార్చే ఓనర్లను చూశాను. కిరాయి కడుతూ, ఓనర్ అనుమతితో ఉన్న మనిషికి ఎన్నేండ్లున్నా ఆ హక్కు రాదు. కిరాయి తీసుకున్నట్టు రుజువు ఉంటే చాలు, అందుకే బ్యాంకు ఖాతాలోనో ఫోన్‌పేలోనో తీసుకోండి. మంచి కిరాయిదారును ఉత్త పుకారు విని పోగొట్టుకోవద్దు.

కిరాయి ఆపినవాళ్ల విషయంలో మాత్రం కోపానికి పోవద్దు. నల్లా బంద్ చేయడం, కరెంటు తీసేయడం, సామాన్లు బయట పడేయడం చేస్తే న్యాయం మీ వైపున్నా కేసు మీ మీదికి తిరుగుతుంది. బలవంతంగా వెళ్లగొట్టిన మనిషి ఆరు నెలల్లోపు దావా వేసి, ఓనర్‌దే ఇల్లయినా సరే, మళ్లీ లోపలికి రావచ్చు. 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టం వర్తించే ఇళ్లయితే రెంట్ కంట్రోలర్ దగ్గరికి పోవాలి. కొత్తగా కట్టిన ఇళ్లు, ఒక హద్దు దాటిన కిరాయిలు దాని కిందికి రావు. వాటికి నెలవారీ కిరాయి అయితే 15 రోజుల నోటీసు ఇచ్చి సివిల్ కోర్టుకు పోవాలి. ఆ తోవ పొడుగైనదే, కానీ చట్టం చూపిన తోవ అదొక్కటే.

ఈసారి మీ గేటుకు బోర్డు కట్టేవాళ్లకు నా విన్నపం. వచ్చిన మనిషిని కులం అడగకండి, పాత ఓనర్ నంబరు అడగండి. ఒక గ్లాసెడు మంచినీళ్లిచ్చి, కూర్చోబెట్టి అడగండి.