పాలు విరగాలి

మూత తీశాను. ముందు నిమ్మగడ్డి వచ్చింది, దాని వెనకే వెల్లుల్లి, ఆ వెనకెక్కడో రొయ్యలు ఎండబెట్టిన ఇసుక. అన్నిటికీ అడుగున ఇంకో వాసన. అల్లంలా ఉంటుంది, అల్లం కాదు. కర్పూరంలా ఉంటుంది, కర్పూరమూ కాదు. డబ్బా మీద చీమల బారంత అక్షరాల్లో 'గలంగల్' అని ఉంది. పేరు తెలిసింది, చుట్టరికమే తెలియలేదు.

ఎర్రముద్దా, 400 గ్రాముల ప్లాస్టిక్ డబ్బాలో ముడుచుకుని థాయ్‌లాండ్ నుంచి విజయవాడ పటమట దాకా వచ్చినదానా, నీకు దండం.

నిన్ను కొనుక్కొచ్చానని నాకేం సిగ్గు లేదు. ఈ ఇంట్లోనూ ఒకప్పుడు రోలుండేది. పెంకుటిల్లు అపార్టుమెంటు అయిన రోజున అది సెల్లార్‌లోకి దిగింది, ఇప్పుడు స్కూటర్ల మధ్య వాననీళ్ళు పట్టుకుని కూర్చుంది. మూడో అంతస్తులో రోకలి ఎత్తితే కింది ఫ్లాటువాళ్ళు పైకొస్తారు. నిన్ను దంచడమంటే మాటలా? నానబెట్టిన ఎండుమిరపకాయలు, కల్లుప్పు, సన్నగా తరిగిన నిమ్మగడ్డి మొదళ్ళు, మనం కోసి పారేసే కొత్తిమీర వేళ్ళు, చిన్నుల్లిపాయలు, వెల్లుల్లి, ధనియాలు, జీలకర్ర, తెల్లమిరియాలు, బుడిపెల నిమ్మకాయ పైతొక్క, చిట్టచివర పులిసిన రొయ్యలముద్ద. ఒక్కొక్కటే రాతిరోట్లో పడాలి, పీచు కంటికి ఆనకుండా నలగాలి. ఆ దంపుడంతా నా బదులు ఎక్కడో జరిగిపోయి, మూతపడి, నా దగ్గరికి వచ్చింది. ఆవకాయ కొనుక్కు తినే ఊళ్ళో, అల్లంవెల్లుల్లి ముద్ద పొట్లాల్లో వేలాడే ఊళ్ళో, నిన్నొక్కదాన్నే దొంగవంట అంటే నేనొప్పుకోను.

నీకో ఆకుపచ్చ చెల్లెలుంది. ఎండుమిర్చికి బదులు పచ్చిమిర్చి. వాళ్ళ భాషలో ఆ కూర పేరులో 'తీపి' ఉంది, కానీ ఆ తీపి రుచిది కాదు, కంటికి తియ్యగా ఉండే ఆ లేతపచ్చ రంగుది. నీసు ముట్టని పక్కింటి పిన్నిగారు రంగు చూసి మురిసి ఒక డబ్బా తెప్పించుకోబోయారు. ఆగండి పిన్నిగారూ, ముద్ద పచ్చగా ఉంటే చాలదు, డబ్బా మీద చుక్క కూడా పచ్చగా ఉండాలి, లోపల రొయ్యలున్నాయి అన్నాను. రొయ్య పడని రకాలూ దొరుకుతాయి, వెతుక్కోవాలి.

ఇక వంటలో నాకు మిగిలింది ఒకటే పని. పాలు విరగ్గొట్టడం.

మన ఇళ్ళల్లో పాలు విరిగితే మొహాలు ముడుచుకుంటాయి. ఎవరి దిష్టో, గిన్నెలో ఏ పులుపు మిగిలిందో అని ఆరాలు మొదలవుతాయి. ఈ కూరకి మాత్రం విరిగితేనే శుభం. కోనసీమ కొబ్బరికాయ కొట్టి, తురిమి, గోరువెచ్చటి నీళ్ళు చిలకరించి గుడ్డలో వేసి పిండుతాను. మొదటి పిండుడు చిక్కటి పాలు, రెండోది పల్చటివి. గిన్నెలు వేరు, కలవకూడదు. చిక్కటి పాలని కదపకుండా వదిలేస్తే కాసేపటికి మీగడ పైకొస్తుంది. ఆ మీగడ ఒక్కటీ మూకుట్లోకి. నూనె బొట్టు లేదు. సెగ అటూ ఇటూ కాకుండా మధ్యన.

ఇక్కడ తొందరపడకూడదు. ముందు పెద్ద బుడగలు, పాయసం ఉడికినట్టు. తర్వాత బుడగలు చిన్నవవుతాయి, మీగడ గరిటెకి బరువవుతుంది. చప్పుడు మారుతుంది. తడిగా గుబగుబలాడేది కాస్తా చిటపటలోకి దిగుతుంది. బెంజి సర్కిల్ వైపునుంచి హారన్లు వస్తూనే ఉంటాయి, అయినా చెవి దీన్ని పట్టుకోగలదు. అంచులమ్మట సూదిమొనంత నూనె చుక్కలు, ఒకటి, పది, వంద. తెల్లటి పాలలోంచి స్వచ్ఛమైన నూనె. విరిగింది! (పొట్లం కొబ్బరిపాలవాళ్ళకి ఒక మాట. విడిపోకుండా పట్టి ఉంచే దినుసులేవో కొన్నిటిలో కలుపుతారు. అవి ఎంత మరిగించినా మొండిగా తెల్లగానే ఉంటాయి. ఒక చెంచా కొబ్బరినూనె పోసుకుని రాజీపడడమే.)

ఇప్పుడు నువ్వు దిగాలి, ఎర్రముద్దా. కాయ పాలకి నువ్వు 50 గ్రాములు చాలు. దిగావో లేదో ఇల్లంతా తుమ్మింది. హాల్లో టీవీ తుమ్మింది, బాల్కనీలో ఆరేసిన చీరలు తుమ్మాయి. ముద్దగా ఉన్నదానివి మెల్లగా సడలి, మీగడలో కలిసి, మళ్ళీ విడివడి, నీ ఎరుపంతా నూనెకి అప్పగిస్తావు. అప్పుడు చూడాలి ఆ మూకుడు, దుర్గమ్మకి కుంకుమపూజ చేసిన పళ్ళెంలా.

"నూనె తేలిందా?" అని మా అమ్మ వసారాలోంచే అడిగేది, గుత్తివంకాయ పొయ్యి మీదుంటే. చేపల పులుసుకీ అదే ప్రశ్న. వంటిల్లు మారింది, మూకుడు మారింది, నిన్ను దంచిన దేశం నేను చూడనే లేదు. ప్రశ్న మాత్రం అదే. నీ సంగతులు చెప్పడానికి ఎవరూ రానక్కర్లేదనిపిస్తుంది అప్పుడు. మా కంటికి నువ్వు ముందే తెలుసు.

తెలియకేం. మా వీధి చివర బందరు రోడ్డు. రోజూ ఆటోవాళ్ళకి ఆ పేరు చెబుతూనే ఉంటాను, ఆ రోడ్డు చివర సముద్రముందని తలుచుకోను. 17వ శతాబ్దంలో బందరు గోల్కొండ సుల్తానుల రేవు. అక్కడ ఓడెక్కిన సరుకు బంగాళాఖాతం దాటి మెర్గుయిలో దిగేది. అప్పుడది సయాం, అంటే నీ దేశపు రాజుల రేవు. అక్కణ్ణుంచి అడవులూ కొండలూ దాటి అయుత్థయకి, అంటే వాళ్ళ అయోధ్యకి చేరేది. మన అద్దకం బట్టలు అటు వెళ్ళేవి. అటునుంచి ఏమొచ్చేవనుకున్నారు? ఏనుగులు. ఓడల్లో ఏనుగులు! బందరు ఇసుకలో మొదటి అడుగు వేసి, కాళ్ళ కింద నేల ఊగడం లేదేమిటా అని నిలబడిపోయిన ఆ గున్నని నేను ఎన్నిసార్లు ఊహించుకున్నానో. అయుత్థయని 1656 నుంచి 1688 దాకా ఏలిన నరై రాజు కొలువులో పారశీక వర్తకుల మాట చెల్లేది. వాళ్ళలో గోల్కొండతో లావాదేవీలున్నవాళ్ళూ ఉన్నారు. నీ అక్కచెల్లెళ్ళలో 'మస్సమన్' అని ఒకతె ఉంది చూశావా, దాల్చినచెక్క, లవంగం, యాలక్కాయ వేసుకుని బిర్యానీ ఇంటి ఆడపడుచులా ఉంటుంది. ముసల్మాన్ అన్న మాటే అక్కడి నోళ్ళలో నలిగి అలా అయిందంటారు. ఆ మసాలా మూటల్లో ఒకటైనా మా రోడ్డు దుమ్ము పీల్చి వెళ్ళుంటుందని నా మనసు ఒప్పుకోమని పోరుతుంది. నేనూ ఒప్పుకుంటాను.

ఇంతకీ నీ ఎరుపు నీది కాదు. మిరపది. మిరప నీదీ కాదు, వారధి అవతల గుంటూరుదీ కాదు. అమెరికాల్లో పుట్టి పోర్చుగీసువాళ్ళ వెంట తూర్పుకి వచ్చింది. వాళ్ళు అయుత్థయ గడప తొక్కింది 1511లో. అంతకుముందు మీరూ మేమూ కారానికి మిరియాలే నమ్ముకున్నాం. ఇప్పుడేమో ఎవరి కారం ఎక్కువని పందేలు.

పల్చటి పాలు పోశాను. నీళ్ళలో అస్తమయం కలిపినట్టు ఎరుపు నారింజలోకి తిరిగింది. రైతుబజారు వంకాయలు నాలుగు చీలికలు, పొద్దున్నే వలిచి పెట్టిన రొయ్యలు, ఒక ముక్క తాటిబెల్లం. ఉప్పుడబ్బా మీదికి పోయిన చేతిని మాత్రం వెనక్కి లాక్కున్నాను. నీలోనే బోలెడు ఉంది, తెలియక మొదటిసారి వేసి కూరంతా సముద్రం చేశాను. రొయ్యలు చివర్లో వెయ్యాలి, వంకరతిరిగి రంగు రాగానే దించాలి. ఆకుకి తులసి తుంచడానికి చెయ్యి రాలేదు. సబ్జా గింజలిచ్చే రుద్రజడ మొక్క కుండీలో ఉంది, మీ దేశపు తులసీ ఆ జాతిదే. గుప్పెడు దూసి వేసి మూతపెట్టాను.

అన్నం సంగతి. మీ మల్లెబియ్యం షాపుల్లో ఉంది, ధర చూసి పలకరించి వచ్చేశాను. మా కుక్కర్లో సాంబమసూరి. 1986లో బాపట్లలో విడుదలైన రకం, బీపీటీ 5204. దాని తల్లిదండ్రుల్లో ఒకటైన మసూరి మలేషియాలో తయారైనదే. కాబట్టి కంచంలో నీకు కొత్తేమీ ఉండదు, పక్కింటి పిల్ల కనబడుతుంది.

అత్తయ్యకి వడ్డించాను. ఎర్రగా, పల్చగా ఉన్న కూరని ఆవిడ అనుమానంగా చూశారు.

"ఏంటమ్మాయ్ ఇది, పులుసా?"

"థాయ్ కూరండీ అత్తయ్యా. ముద్ద కొన్నాను."

మొదటి ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నారు. నమలడం ఆపారు. కళ్ళు గోడ మీది క్యాలెండర్ దాటి ఎక్కడికో వెళ్ళాయి. ఉప్పెక్కువైందేమోనని నా గుండె జారింది.

"దుంపరాష్ట్రకం" అన్నారు.

"ఏంటండీ?"

"దుంపరాష్ట్రకమే ఇది. చిన్నప్పుడు దగ్గొస్తే మా నాయనమ్మ సానరాయి మీద అరగదీసి, తేనెలో రంగరించి నాలిక్కి రాసేది. కూరలో ఎవరేస్తారే?"

నేను లేచి డబ్బా తెచ్చి చేతికిచ్చాను. ఆ చీమల బారు అక్షరాలు ఆవిడ చదవలేదు. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. చాలాసేపు అలాగే ఉన్నారు. వంటింట్లో కుక్కర్ ఆవిరి చప్పుడు కూడా ఆగిపోయింది.

"గట్టిగా మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టు, వాసన పోతుంది" అని డబ్బా తిరిగిచ్చి, కంచం నా వైపు జరిపారు. "ఇంకో గరిటె."