పన్నెండు సెకన్లు

ధ్యానం మాటెత్తితే చాలామంది గంటల్లో మాట్లాడతారు. వివేకానందుడు సెకన్లలో మాట్లాడాడు. 1896లో వెలువడిన ‘రాజయోగం’లో, కూర్మపురాణాన్ని ఆధారం చేసుకుని ఆయన ఇచ్చిన లెక్క ఇది: మనసు ఒకేచోట 12 సెకన్లు నిలిస్తే ధారణ. అలాంటివి 12 కలిస్తే ధ్యానం, అంటే 2 నిమిషాల 24 సెకన్లు. ఆ ధ్యానాలు 12 అయితే సమాధి. అదీ అరగంటకు నిమిషం పైచిలుకు తక్కువే!

ఇంతేనా అనిపిస్తుంది. గోడ గడియారం ముందు కూర్చుని సెకన్ల ముల్లును తప్ప మరి దేన్నీ తలచకుండా చూడండి. ఏడో సెకనుకో ఎనిమిదో సెకనుకో కరెంటు బిల్లు గుర్తొస్తుంది.

పతంజలి యోగసూత్రాల్లోని ఎనిమిది అంగాల్లో ధారణ ఆరోది. యమ నియమాలు, ఆసనం, ప్రాణాయామం, ప్రత్యాహారం అనే మొదటి ఐదింటినీ సాధనపాదమనే అధ్యాయంలోనే ముగించి, ధారణతో తరువాతి అధ్యాయం విభూతిపాదం మొదలుపెట్టాడాయన. మనం ఆ ఐదు మెట్లూ ఎగ్గొట్టి, కళ్లు మూసుకుని నేరుగా ఆరోదాని మీద కాలు పెడతాం. ఆనక ‘నాకు ఏకాగ్రత లేదండీ’ అని వాపోతాం. లోపం మనసులో లేదు, వరసలో ఉంది.

మనసు కంటికి కనపడదు కాబట్టి యోగులు ముందు కనపడేవాటిని పట్టుకున్నారు: ఒళ్లు, ఊపిరి, చూపు. వృక్షాసనం వేసి చూడండి. ఒంటికాలి మీద నిలబడి, రెండో పాదాన్ని తొడకు ఆనించి, చేతులు పైకెత్తి జోడించాక, ఎదురు గోడ మీద ఒక మరకను ఎంచుకుని దానికే చూపు అతికించాలి. చూపు అక్కడున్నంతసేపూ మడమ కుదురుగా ఉంటుంది. పక్కనెవరో దగ్గితే అటు చూశామా, చీలమండ వణుకుతుంది. మనసు జారిన సంగతి ఇంత వెంటనే చెప్పే గురువు ఇంకొకరు లేరు.

తరువాత ఊపిరి. నాడీశోధనలో ఎడమ ముక్కుతో పీల్చి కుడితో వదలడం, మళ్లీ కుడితో పీల్చి ఎడమతో వదలడం ఒక ఆవృత్తి. పీల్చిన దానికంటే వదిలేది నిదానంగా సాగాలి; ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కాస్త తగ్గుతుంది. కొత్తవాళ్లు, రక్తపోటు ఉన్నవాళ్లు కుంభకం, అంటే ఊపిరి బిగబట్టడం, జోలికి పోనక్కర్లేదు.

ఇక చూపు. ఏకాగ్రత కోసం ఒక్కటే నేర్చుకుంటానంటే నేను త్రాటకమే చెబుతాను. స్వాత్మారాముడు హఠయోగ ప్రదీపికలో చెప్పిన షట్కర్మల్లో, అంటే ఆరు శుద్ధిక్రియల్లో, ఇదొకటి. నీళ్లు, గుడ్డపీలికలు అక్కర్లేనిది. ఫ్యాను కట్టేసి, చేయి చాపినంత దూరంలో, కంటికి సమానమైన ఎత్తులో నేతిదీపం పెట్టుకోవాలి. కళ్లద్దాలు, లెన్సులు తీసేయాలి. వత్తి కొసన వెలుగు ఎక్కువగా ఉన్నచోట చూపు నిలిపి, రెప్ప వేయకుండా చూడాలి. మామూలుగా నిమిషానికి పదిహేను ఇరవైసార్లు వాలే రెప్పకు ఇది శిక్షే. కళ్లు మండి నీరు తిరగగానే మూసుకోవాలి.

అసలు పని అప్పుడు మొదలవుతుంది. మూసిన కళ్ల వెనక దీపం ముద్ర రంగు మారి తేలుతుంది. ఇందులో మహిమేమీ లేదు. అదేపనిగా వెలుగు చూసిన కంటిపొర అలసట అది. ఆ ముద్రను పట్టుకోబోతే పక్కకు జరుగుతుంది, వెంటపడితే ఇంకా జరుగుతుంది. ఊరుకుని చూస్తే నడిమికి వచ్చి, మెల్లగా కరిగిపోతుంది. బిగించి పట్టడానికీ నిలిపి ఉంచడానికీ తేడా ఇక్కడ తెలిసినంత బాగా ఏ ఉపన్యాసంలోనూ తెలియదు. కరిగాక కళ్లు తెరిచి మరోసారి. మొదట్లో రెండు మూడు సార్లు చాలు.

త్రాటకం కంటి జబ్బుల్ని పోగొడుతుందని ప్రదీపిక అంటుంది. ఆ మాట నమ్మి కంటి డాక్టరును మానేయకండి. అద్దాల పవరు దీనితో తగ్గదు. గ్లకోమా ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. మూర్ఛ ఉన్నవాళ్లకు అల్లాడే మంట పనికిరాదు. పిల్లలకు దీపం అసలే వద్దు. తెల్లకాగితం మీద మిరియపుగింజంత నల్లచుక్క పెట్టి గోడకు అంటించండి. కళ్లలో నీళ్లు వచ్చేదాకా ఆగనక్కర్లేదు, పన్నెండు లెక్కపెట్టేదాకా చూస్తే చాలు.