చూపిన నిర్మాత, దాచిన నిర్మాత

1991 సెప్టెంబర్‌లో న్యూయార్క్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో 'బ్యూటీ అండ్ ది బీస్ట్' వేశారు. అప్పటికి సుమారు 70 శాతమే పూర్తయింది. మిగతా చోట్ల రంగులు పడని పెన్సిల్ గీతలూ స్టోరీబోర్డు బొమ్మలే. ప్రేక్షకులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. 2023 జూలైలో జపాన్‌లో 'ది బాయ్ అండ్ ది హెరాన్' విడుదలైంది. ట్రైలర్ లేదు, స్టిల్ లేదు, గొంతులిచ్చిన నటుల పేర్లు లేవు. కొంగ బొమ్మ వేసిన ఒకే ఒక్క పోస్టరు. మొదటిదానికి నిర్మాత డిస్నీలో ఎదిగిన డాన్ హాన్, రెండోదానికి స్టూడియో జిబ్లీకి చెందిన తొషియో సుజుకి.

సుజుకి పత్రికలోంచి వచ్చాడు. 'అనిమేజ్'లో ఉండగా, 1982 నుంచి దర్శకుడు హయావొ మియజాకి చేత 'నౌసికా' బొమ్మల కథను ధారావాహికగా గీయించాడు. 1984లో అది సినిమా అయింది, మరుసటి ఏడు జిబ్లీ పుట్టింది. మంచి సంపాదకుడు తన రచయితను కాచుకున్నట్టే ఆయన మియజాకిని కాచుకున్నాడు. 'నౌసికా'ను అమెరికాలో ఇరవై నిమిషాలకు పైగా కోసేశారు. అందుకే 'ప్రిన్సెస్ మొనొనొకె' వంతు వచ్చినప్పుడు, కోతలు వద్దంటూ అమెరికా పంపిణీ సంస్థ మిరామాక్స్ అధినేతకు జపాన్ కత్తి ఇచ్చాడు. అందరూ ముచ్చటగా చెప్పుకునే కథ ఇది. నాకు మాత్రం అంతకంటే పెద్ద సాహసం 'హెరాన్'కు గడువు పెట్టకపోవడం, బయటి పెట్టుబడి తీసుకోకపోవడం.

హాన్‌కు కాచుకోవడానికి అలాంటి ఒక్క మనిషి లేడు. 'బ్యూటీ' తొలి రూపాన్ని 1989లో ఇరవై నిమిషాల స్టోరీ రీల్ చూసి డిస్నీ స్టూడియో అధినేత కాట్జెన్‌బర్గ్ తోసిపుచ్చాడు. నెలల తరబడి గీసినదంతా చెత్తబుట్టపాలైంది. దర్శకులు మారారు, కథ పాటలవైపు తిరిగింది. పాటలు రాసిన హోవర్డ్ ఆష్‌మన్ అప్పటికే ఎయిడ్స్‌తో బాధపడుతున్నాడు. ఆయన ప్రయాణం చేయలేడని బృందమే న్యూయార్క్ రాష్ట్రంలోని ఫిష్‌కిల్‌కు వెళ్లి, హోటల్లో కథాచర్చలు జరిపింది. సినిమా విడుదలకు ముందే, 1991 మార్చిలో ఆష్‌మన్ కన్నుమూశాడు. గీతలు చెత్తబుట్టకు పోయినా గీసేవాళ్ల మనసు విరగకుండా చూసుకోవడం నిర్మాత పనులన్నిటిలోకెల్లా కష్టమని నా నమ్మకం. ఇక్కడ హాన్‌దే పైచేయి. ఆయనే నిర్మించిన 'ది లయన్ కింగ్'కూ అలాంటి పరీక్షే ఎదురైంది. డిస్నీ ఆశలన్నీ అప్పుడే తయారవుతున్న 'పోకహాంటస్' మీద ఉన్నాయి. దానికి తోడు 1994 జనవరి భూకంపంతో స్టూడియో మూతపడి, చాలామంది ఇళ్ల నుంచే బొమ్మలు గీశారు.

అయితే పదిమంది చేతుల పని తెర మీద తెలిసిపోతుంది. హాన్ నిర్మించిన 'ది హంచ్‌బ్యాక్ ఆఫ్ నోత్రదామ్'లో ఫ్రోలో పాట భయంకరంగా సాగుతుంది. అదే సినిమాలో రాతి బొమ్మల వెకిలి హాస్యం దాని పట్టును సడలిస్తుంది. సుజుకి చేతిలో అలా జరిగేది కాదు. కానీ ఆయన పద్ధతికీ మూల్యం ఉంది. 2013లో మియజాకి విరమణ ప్రకటించాడు. మరుసటి ఏడాదే జిబ్లీలో పూర్తి నిడివి చిత్రాల నిర్మాణం కొన్నేళ్లపాటు ఆగింది. 2023లో సంస్థ నిప్పన్ టీవీ చేతికి వెళ్లింది. ఒక్కరినే కాచుకున్న నిర్మాత వారసుణ్ణి తయారు చేయలేకపోయాడు.

'హెరాన్'కు వచ్చిన ఆస్కార్ మీద మియజాకితోపాటు సుజుకి పేరూ ఉంది. రెండుసార్లు నామినేట్ అయినా హాన్‌కు సొంత ఆస్కార్ రాలేదు. ఆ తర్వాత ఆయన స్వయంగా దర్శకుడై, డిస్నీ యానిమేషన్ పునరుజ్జీవం మీద 'వేకింగ్ స్లీపింగ్ బ్యూటీ', ఆష్‌మన్ మీద 'హోవర్డ్' అనే డాక్యుమెంటరీలు తీశాడు. వాటిని చూశాకే హాన్ సినిమాల్లో ఎవరి చెయ్యి ఎక్కడుందో నాకు తెలిసింది.