ఏ ఎలుక?

‘ఎలుకల్లో ఫలించింది’ అన్న వార్త కనబడగానే నాకు వచ్చే మొదటి ప్రశ్న, ఏ ఎలుకల్లో అని. అలర్జీ పరిశోధనలో అది తెలియకుండా ఫలితం అర్థం కాదు.

మా పని చూడ్డానికి చిన్నదే. గుడ్డు తెల్లసొనలోని ఓవాల్బుమిన్ ప్రోటీన్‌ను అల్యూమినియం లవణంతో కలిపి ఎలుక పొట్టలోకి సూదితో ఎక్కిస్తాం. రెండు వారాలకు మళ్లీ. తర్వాత కాస్త రక్తం తీసి, సీరంలో ఐజీఈ ఎంతుందో ఎలైజా అనే రంగు పరీక్షతో కొలుస్తాం. అలర్జీకి మూలమైన యాంటీబాడీ అదే. తెల్లని బాల్బ్-సి ఎలుకల సీరం పోసిన పళ్లెం గుంటల్లో రంగు చిక్కగా తేలుతుంది, నల్లని సి57బ్లాక్6 వాటిలో సాధారణంగా పలచన. ప్రోటీన్ అదే, మోతాదూ అదే.

తేడా రోగనిరోధక కణాల్లో ఉంది. బాల్బ్-సి టి కణాలు ఇంటర్‌ల్యూకిన్-4 అనే సంకేత ప్రోటీన్ వైపు త్వరగా మొగ్గుతాయి. అది అందాకే బి కణం ఐజీఈ తయారీకి మళ్లుతుంది. 1991లో ఇంటర్‌ల్యూకిన్-4 జన్యువును తొలగించిన ఎలుకల్లో ఐజీఈ దాదాపు మాయమైంది. నల్లవాటి టి కణాలు ఇంటర్‌ఫెరాన్-గామా వైపు మొగ్గుతాయి, అది ఐజీఈని అణచివేస్తుంది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మాత్రం సి3హెచ్ ఎలుకలు. ఇంటిపేరు ఒకటే, శాఖలు వేరు. హెచ్‌ఈజే శాఖలో టీఎల్ఆర్4 అనే గ్రాహకం దెబ్బతిందని 1998లో బ్రూస్ బ్యూట్లర్ బృందం తేల్చింది. ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారింది, అంతే. బాక్టీరియా పైపొరలోని ఎండోటాక్సిన్‌ను ఆ ఎలుకలు గుర్తించలేవు. హెచ్‌ఈఎన్ శాఖ చక్కగా గుర్తిస్తుంది. అయితే అలర్జీకీ దీనికీ ఏం సంబంధం? బజార్లో దొరికే ఓవాల్బుమిన్‌లో ఎండోటాక్సిన్ జాడలు ఉంటాయి! ముక్కు ద్వారా ఇచ్చినప్పుడు ఆ జాడ కొంచెం ఉంటే అలర్జీ తరహా స్పందన పుడుతుందని, బాగా ఎక్కువైతే స్పందన మరో దారి పడుతుందని, పూర్తిగా తీసేస్తే అలర్జీయే రాదని 2002లో యేల్ పరిశోధకులు చూపించారు. మనం గుడ్డు ప్రోటీన్‌ను పరీక్షిస్తున్నామనుకుంటాం, ఎలుక మాత్రం బాక్టీరియా మిగుళ్లకూ జవాబు చెబుతుంటుంది. ఆ జవాబు చెప్పగలదా లేదా అన్నది పుట్టుకతోనే నిర్ణయమైపోయింది.

అందుకే పంజరం చీటీ మీద శాఖ పేరు చివరి అక్షరం దాకా రాయమని మా విద్యార్థుల వెంటపడతాను. ఈ ఎలుకలు ఇరవై తరాలకు పైగా అన్నాచెల్లెళ్ల సంకరంతో ఒకే అచ్చులో తయారైనవి. అలర్జీతో మా దగ్గరికి వచ్చే మనుషుల్లో ఏ ఇద్దరూ అలా ఉండరు. ఒక్క వంశంలో పనిచేసిన మందును రెండో వంశంలో చూడకుండానే మనుషుల దాకా తేవడం నాకు సమ్మతం కాదు.