సెలవుల సంచిలో ఒక క్రోషే సూది

ప్రయాణంలో ఒళ్లో పెట్టుకుని చేసుకోదగ్గ చేతిపనుల్లో క్రోషే అల్లికను మించింది లేదు. మగ్గం గుంట విడిచి కదలదు. కుట్టుమిషను సంచిలో పట్టదు. ఒకప్పుడు ఎండాకాలం సెలవుల్లో ఇంటింటా అల్లిన వైరుబుట్టకైనా బారలకొద్దీ వైర్లు పరుచుకునే చోటు కావాలి. ఊలు స్వెటర్ సంగతి మరీ సున్నితం. రెండు సూదుల మీద పదులకొద్దీ కుట్లు వరసగా ఎక్కి ఉంటాయి. బస్సు కుదుపుకు సూది జారితే వాటిని మళ్లీ ఎక్కించుకోవడం కళ్లకు పెద్ద శ్రమ. క్రోషేలో సూది మీద ఉండేది సాధారణంగా ఒకే ఒక్క లూపు. దిగాల్సిన చోటు రాగానే దాన్ని కాస్త పొడుగ్గా లాగి, సంచిలో వేసుకుని దిగిపోవచ్చు. తార్నాకలో మెట్రో ఎక్కి సికింద్రాబాద్ ఈస్ట్‌లో దిగేలోపు రెండు రేకలు అల్లొచ్చు.

సెలవులంటే ఊరు దాటాలనే లేదు. మే నెలలో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో పొద్దున్నే ఒక గంట నడిస్తే చాలు, కళ్లు రంగులతో నిండిపోతాయి. రేల చెట్ల పసుపు, తురాయి ఎరుపు, కాగితంపూల రాణిరంగు, వాటన్నిటి వెనకా గులాబి ఛాయ తిరిగిన ఆర్ట్స్ కాలేజీ రాయి. ఈ భవనానికి 1934లో పునాది వేసి 1939లో ప్రారంభించారు. కట్టడానికి ముందు సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ అనే ఇద్దరు వాస్తుశిల్పులను దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపారు. ఆ తర్వాత బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ నమూనా గీశాడు. చూసొచ్చిన వాటినుంచి ఏం తీసుకోవాలో, ఎంత తీసుకోవాలో తెలిసిన మనుషుల పని అది. ఆ పెద్ద కమాను ముందు నిలబడినప్పుడల్లా నాకు ఆ ప్రయాణమే గుర్తొస్తుంది.

అల్లికకు రంగులు ఎంచుకోవడంలోనూ కొలతే ప్రధానం. చూసిన రంగులన్నీ దారాల దుకాణంలో ఏరుకుని తెచ్చుకుంటే పని గందరగోళమవుతుంది. నేను పాటించే పద్ధతి ఒకటుంది. ఒక చోటు నచ్చితే అక్కడ కంటికి అన్నిటికన్నా ఎక్కువగా ఆనే రంగేదో ముందు చూసుకుంటాను. ఆర్ట్స్ కాలేజీ ముందు అది పువ్వుల రంగు కాదు, రాతి రంగు. అల్లికలో సగానికి పైగా ఆ మెత్తటి ఛాయే వాడాలి. తర్వాత ఆకుపచ్చ. ఎరుపు చివరి వరసలో అంచుకి మాత్రమే. తురాయి పువ్వు అంతగా వెలగడానికి కారణం చుట్టూ అంత రాయి, అంత ఆకు ఉండడమే. మన దగ్గర యాంకర్ దారం ఉండలు ఎన్నో ఛాయల్లో దొరుకుతాయి. మూడు కొనుక్కుంటే ఒక ప్రయాణానికి సరిపోతాయి.

ఇక అల్లే పద్ధతి. అన్నిటికీ మొదలు గొలుసు. సూది కొక్కేనికి దారం తగిలించి, ఉన్న లూపులోంచి లాగితే ఒక గొలుసు కన్ను. ఆరు కళ్లు వేసి చివరిదాన్ని మొదటిదానితో కలిపితే చిన్న రింగు వస్తుంది. పువ్వుకు నడిబొడ్డు అదే. ఆ రింగులోకి పొడుగు కుట్లు వేయాలి. పొడుగు కుట్టుకి దారాన్ని ముందే ఒకసారి సూదికి చుట్టి, రింగులోకి దింపి, దారం పట్టి పైకి లాగుతాం. అప్పుడు సూది మీద మూడు లూపులుంటాయి. రెండింట్లోంచి ఒకసారి, మిగిలిన రెండింట్లోంచి ఇంకోసారి లాగితే కుట్టు పూర్తయి మళ్లీ ఒక్క లూపే మిగులుతుంది. లేసుకి సూదీ సన్నమే, దారమూ సన్నమే. ఎడమచేతి చూపుడువేలు మీదుగా దారం ఎంత బిగువుగా నడుస్తుందన్న దాని మీదే నేర్పంతా ఉంది. ఆ బిగువు చెబితే రాదు. చేయి తిరిగిన మనిషి పక్కన కూర్చుని ఆమె వేళ్లను చూడాల్సిందే.

గుండ్రంగా, బల్లపరుపుగా రావాలంటే లెక్క ఉంది. పొడుగు కుట్లయితే మొదటి వరసలో 12, రెండో వరసలో 24, మూడో వరసలో 36. తగ్గితే అల్లిక గిన్నెలా లోతు తిరుగుతుంది. ఎక్కువైతే అంచు ముడతలు పడి కుచ్చెళ్లు లేస్తాయి. ఆ కుచ్చెళ్లలోనే గణితం చూసినావిడ దైనా తైమిన్య. లాత్వియాలో పుట్టి, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన ఈ గణితజ్ఞురాలు 1997లో అంచుకు పోయేకొద్దీ ఇలాగే ముడతలు పడే అతిపరావలయ తలాన్ని (హైపర్బోలిక్ ప్లేన్) క్రోషేతో అల్లి చూపించారు. అప్పటిదాకా ఆ జ్యామితిని చేత్తో పట్టుకుని చూడాలంటే కాగితం ముక్కలు అతికించిన నమూనాలే గతి. అవి ఇట్టే చిరిగిపోయేవి. ప్రతి కొన్ని కుట్లకూ ఒకటి చొప్పున పెంచుతూ పోవడమే ఆవిడ చేసిన పని. ఏళ్లతరబడి పుస్తకాల్లో ఉన్న వక్రత ఊలు దారంతో విద్యార్థుల చేతుల్లోకి వచ్చింది. గణితం చదివే మన పిల్లలు హాస్టల్ గదిలో కూర్చుని రెండు సాయంత్రాల్లో ఇది అల్లుకోవచ్చు.

అల్లిక తెలిసినవాళ్లు జీవితంలో ఒక్కసారైనా వెళ్లాల్సిన ఊరు నరసాపురం. సికింద్రాబాద్‌లో రాత్రి బండెక్కితే విజయవాడ, గుడివాడ, భీమవరం, పాలకొల్లు దాటి పొద్దుటికి చేరుస్తుంది. రైలు పట్టాలు అక్కడితో ఆఖరు. ఊరి పక్కనే వశిష్ఠ గోదావరి. సూది బయటకు తీశామంటే రైల్లో ఎవరో ఒకరు పలకరించకుండా ఉండరు. ‘‘ఏం పువ్వమ్మా అది? ఎన్ని వరసలు?’’ అనడుగుతారు. పాలకొల్లు వైపు వాళ్లయితే అడగడంతో ఆగరు. ముక్క చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పి చూస్తారు. లేసు మంచీచెడ్డా వెనకవైపే తెలుస్తుందని వాళ్లకు తెలుసు.

స్కాట్లాండ్ నుంచి వచ్చిన మెక్రే దంపతులు 1844లో నరసాపురం ఆడవాళ్లకు ఈ లేసు పని నేర్పారని చెబుతారు. ఆ దశాబ్దంలోనే ఐర్లాండ్‌ను బంగాళదుంప తెగులు తెచ్చిన కరువు పట్టి పీడించింది. 1847లో క్లోన్స్ అనే ఊళ్లో చర్చి పాస్టరు భార్య కసాండ్రా హ్యాండ్ ఆకలితో ఉన్న కుటుంబాల ఆడవాళ్లకు క్రోషే లేసు నేర్పించింది. అక్కడ ఒక ఇంట్లో గులాబీలు, ఒక ఇంట్లో ఆకులు విడివిడిగా అల్లేవారు. వాటిని కలిపి లేసుగా చేసేది వేరొకరు. గోదావరి ఒడ్డునా సరిగ్గా ఇదే ఏర్పాటు వచ్చింది. పువ్వులు అల్లడం ‘చేతిపని’, వాటిని కలిపి దుప్పటిగానో టేబుల్ గుడ్డగానో చేయడం ‘అతుకుపని’. చేతిపని చేసేవాళ్లు ఒకరు, అతుకుపని వాళ్లు ఇంకొకరు. మధ్యలో దారం ఇచ్చి పువ్వులు పట్టుకెళ్లే ఏజెంట్లు. ఆపైన ఎగుమతిదారులు. దిండుగలీబులు, సోఫా గుడ్డలు, మంచం దుప్పట్లు, గౌన్ల గల్లాలు ఇలా ముక్కముక్కగా తయారై బ్రిటన్, అమెరికా, ఫ్రాన్స్ ఇళ్లకు చేరాయి.

పువ్వు చిన్నది. పొయ్యి మీద అన్నం ఉడికేలోపు ఒకటి అవుతుంది, బిడ్డ లేస్తే పక్కన పెట్టొచ్చు. ప్రయాణికులకు సుఖాన్నిచ్చే ఈ గుణమే అక్కడి ఆడవాళ్ల కూలిని మింగేసింది. జర్మన్ సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర్లో నరసాపురం వచ్చి చూసింది ఇదే. 1982లో అచ్చయిన ఆవిడ పుస్తకం ‘ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ను ప్రపంచమంతటా చదివారు. ఇంటిపని చేసుకుంటూనే రోజుకు ఆరేడు గంటలు లేసు అల్లే ఆడవాళ్లను ఎవరూ కార్మికులుగా లెక్కపెట్టలేదని, ‘ఇంట్లో ఖాళీగా ఉన్నప్పుడు చేసుకునే పని’ అన్న మాట అడ్డం పెట్టుకుని బొత్తిగా తక్కువ కూలి ఇచ్చారని, అదే లేసు మీద ఎగుమతిదారులు సంపన్నులయ్యారని ఆవిడ వివరించింది. మన గోదావరి ఇల్లాళ్ల గురించి ఇంత పట్టించుకున్న పుస్తకం జర్మనీ నుంచి వచ్చిన మనిషి రాయాల్సి వచ్చిందంటే నాకు బాధే. ఇప్పటికీ మన పట్నపు ఇళ్లలో ఇది చదివినవాళ్లు తక్కువ.

ఇంకో సంగతి కొనేవాళ్లు తప్పక తెలుసుకోవాలి. స్వెటర్లు మిషన్ల మీద అల్లుతారు, ఇతర రకాల లేసులూ మిషన్ల మీద వస్తాయి. అసలైన క్రోషేకి మాత్రం ఈనాటికీ మిషను లేదు. మిషను చేసేది దాని పోలిక మాత్రమే. కాబట్టి నిజమైన క్రోషే ముక్క ఎక్కడ కనిపించినా, ఎంత చవకగా అమ్ముతున్నా, ప్రతి కుట్టూ ఎవరో ఒక మనిషి చేత్తో వేసిందే. ధర మరీ తక్కువగా ఉంటే ఆ తగ్గింపు ఎవరి కూలిలోంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు.

లేసు ఎక్కువగా తెలుపు, గోధుమవన్నె. రంగు కోసమైతే తార్నాక వాళ్లు అంత దూరం వెళ్లనక్కర్లేదు. పోచంపల్లి హైదరాబాద్‌కు యాభై కిలోమీటర్ల లోపే. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు దానం చేసిన ఊరు కాబట్టి భూదాన్ పోచంపల్లి అయింది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ దీన్ని ప్రపంచంలోని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. అక్కడి ఇక్కత్ నేత పద్ధతి పేరు ‘చిటికి’. బట్ట నేశాక రంగు వేయరు. నేయకముందే నూలు మీద బొమ్మ గుర్తుపెట్టి, రంగు అంటకూడని చోట్ల రబ్బరు పట్టీలతో బిగించి కట్టి అద్దకంలో ముంచుతారు. లేత రంగు ముందు. పసుపు అద్దాక, పసుపుగా ఉండిపోవాల్సిన చోట్లు కట్టి ఎరుపులో ముంచుతారు. అలా కట్టడం, విప్పడం, మళ్లీ కట్టడం. మగ్గం మీద పోగులు వెంట్రుకవాసి అటూఇటూ కదులుతాయి కనుక బొమ్మ అంచు కాస్త చెదిరినట్టు ఉంటుంది. అచ్చువేసిన నకిలీ బట్టలో అంచు కత్తిరించినట్టు ఉండి, వెనకవైపు రంగు వెలిసి కనిపిస్తుంది. అసలు చిటికి బట్టకు రెండువైపులా రంగు ఒకటే.

కట్టే ముందు పేక నూలును ఆసు పోయాలి. మధ్యలో ఒక కొయ్య, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా కొయ్యలు. చేత్తో దారం పట్టుకుని ఇటునుంచి అటు, అటునుంచి ఇటు తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు ఆడాలి. ఈ పని ఎక్కువగా ఇంటి ఆడవాళ్లదే. లేసు లాగే ఇదీ లెక్కలోకి రాని శ్రమ. ఆలేరు దగ్గర శారాజీపేటలో తల్లి లక్ష్మి భుజం నొప్పితో పడే బాధ చూడలేక చింతకింది మల్లేశం ఏళ్లపాటు తంటాలు పడి 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కొడుకు గుర్తించిన ఆ నొప్పిని అంతకుముందు తరాలన్నీ ఇంటిపనిలో భాగమే అనుకున్నాయి. అందుకే ఆ యంత్రాన్ని నేను చేనేతకు శత్రువుగా చూడను. బొమ్మ ఊహించడం, కట్టడం, అద్దడం, నేయడం ఇప్పటికీ చేతివే. పోయింది భుజం నొప్పి ఒక్కటే.

పోచంపల్లి వెళ్తే దుకాణంలోకి తర్వాత వెళ్లండి. ముందు ఆసు పోసే ఇల్లు ఎక్కడుందో అడిగి, వాళ్లకు అభ్యంతరం లేకపోతే కాసేపు కూర్చోండి. అడగకుండా ఫొటోలు తీయొద్దు. పని ఆపించొద్దు. నరసాపురంలోనూ అంతే. సీతారామపురంలో లేసు వాణిజ్య కేంద్రం ఉంది, చూడొచ్చు. చుట్టుపక్కల ఊళ్లలో అరుగుల మీద అల్లుతున్నవాళ్ల పక్కన మీ ముక్క తీసి కూర్చుంటే మాట దానంతటదే కలుస్తుంది. చేతిలో సూది ఉన్న మనిషిని ఎవరూ కొత్తమనిషిగా చూడరు. నాకు తెలిసిన రెండు మూడు పువ్వులు అలాంటి కబుర్లలో వచ్చినవే. నేర్పినవారికి డబ్బు ఇవ్వబోతే కొందరు నొచ్చుకుంటారు. వాళ్లు అల్లినదేదైనా చెప్పిన ధరకు కొనడం అన్నిటికన్నా మర్యాద.

నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పోచంపల్లి ఇక్కత్‌కు అంతకుముందే ఉంది. కొనేటప్పుడు ఆ గుర్తింపు ఉందా అని అడగండి. దానికన్నా ముందు, ఇది అల్లిన మనిషికి ఎంత ముట్టిందని అడగండి. జవాబు చెప్పగలిగిన సంఘం దగ్గరే కొనండి. తార్నాక నుంచి పోచంపల్లికి ఒక పూట ప్రయాణం, నరసాపురానికి ఒక రాత్రి. ఈ సెలవుల్లో రెండూ చూసి రండి. బేరమాడబోయే ముందు మాత్రం మీ చేత్తో ఒక్క పువ్వు, 12, 24, 36 లెక్క తప్పకుండా, మొదటినుంచి చివరిదాకా అల్లండి.